ఇంటి వీఓఐపీకి చవకగా లోకల్ నంబరు తీసుకోవడం ఎలా?

ఇంట్లో ఇంటర్నెట్ ఫోను (వీఓఐపీ) వ్యవస్థ పెట్టుకున్నారు. ఒక గది నుంచి మరో గదికి కాల్ వెళుతోంది, మొబైల్‌లోని యాప్ కూడా ఒక ఎక్స్‌టెన్షన్‌గా మోగుతోంది. కానీ బయటివాళ్ళు మీకు ఫోను చేయాలంటే వాళ్ళు నొక్కడానికి ఒక మామూలు నంబరు ఉండాలి. అమ్మే కంపెనీలు దీన్ని డీఐడీ అంటాయి. మీ నంబరుకు వచ్చిన కాల్‌ను ఆ కంపెనీ టెలిఫోన్ నెట్‌వర్క్ నుంచి అందుకుని, కాల్స్‌ను కలిపే సిప్ అనే పద్ధతిలో ఇంటర్నెట్ మీదుగా మీ ఇంటికి పంపిస్తుంది. మీరు కొనేది ఆ సేవనే.

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే నెల అద్దెను చూసి చవక అనుకోకండి. నిమిషం రేటు, పల్స్ (ఎన్నేసి సెకన్ల చొప్పున లెక్క కడతారన్నది), బయటికి చేసే కాల్స్ ధర, ఏటా తగిలే అదనపు రుసుములు కలిస్తేనే అసలు ఖర్చు తేలుతుంది. అందుకే మొదటి నుంచీ ఒక మాట గుర్తుపెట్టుకోండి: నంబరు వేరు, బయటికి వెళ్ళే కాల్స్ వేరు. ఫోను వ్యవస్థ మీ చేతిలోనే ఉంది కాబట్టి వచ్చే కాల్స్‌ను ఒక కంపెనీ నుంచి తీసుకుని, వెళ్ళే కాల్స్‌ను ఇంకో కంపెనీ మీదుగా పంపవచ్చు. రెండూ ఒకేచోట కొనాలని ఏ నియమమూ లేదు. ఈ గైడులో చాలా భాగం ఆ వెసులుబాటును ఎలా వాడుకోవాలో చెప్పడమే.

ముందు మీ కాల్స్ లెక్క తీయండి

పాత బిల్లులు గానీ, మొబైల్‌లోని కాల్ చరిత్ర గానీ ముందు పెట్టుకుని మూడు సంగతులు రాసుకోండి. నెలకు సుమారు ఎన్ని నిమిషాలు కాల్స్ వస్తున్నాయి? మీరు ఎన్ని నిమిషాలు, ఎక్కడికి చేస్తున్నారు? ఒక్కో కాల్ సగటున ఎంతసేపు నడుస్తోంది? మూడోది చాలామంది పట్టించుకోరు గానీ, పల్స్ దగ్గరికి వచ్చేసరికి డబ్బు పోయేది దాని మూలంగానే.

ఒకే సమయంలో ఎన్ని కాల్స్ నడవాలో కూడా ఆలోచించండి. దీన్ని చానల్ అంటారు. ఇంటికి రెండు చానళ్ళు చాలు. ఒకరు మాట్లాడుతుండగా రెండో కాల్ వస్తే మోగుతుంది. పది చానళ్ళ ప్యాకేజీ ఆఫీసులకు సరే, ఇంటికి దండగ.

ఏ ఊరి నంబరు తీసుకోవాలి?

మీరు ఉండే ఊరిదే తీసుకోవాలని లేదు. మీకు ఎక్కువగా ఫోను చేసేవాళ్ళు ఉండే చోటి నంబరు తీసుకోండి. ఇంటర్నెట్ మీదుగా వచ్చే కాల్‌కు దూరం లేదు. మీ తల్లిదండ్రులు వేరే దేశంలో ఉండి, అక్కడి నంబరు మీకు దొరికితే, వాళ్ళకు అది లోకల్ కాల్. వచ్చే కాల్‌కు మీకయ్యే ఖర్చేమో ఎక్కడి నుంచి వచ్చినా సాధారణంగా ఒక్కటే. కావాలంటే రెండు ఊళ్ళ నంబర్లు తీసుకుని రెండూ ఒకే ఫోనులో మోగేలా పెట్టుకోవచ్చు.

రకాల విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర లేదు. ఏరియా కోడ్ ఉన్న భౌగోళిక నంబరు అడగండి. టోల్‌ఫ్రీ నంబరైతే అవతలివాళ్ళ కాల్ ఖర్చు మీ మీద పడుతుంది, ఇంటికి అది అనవసరం. మొబైల్ శ్రేణి నంబర్లకు అద్దె ఎక్కువ ఉండవచ్చు. చూడచక్కని అంకెల నంబర్లకు అదనంగా అడుగుతారు. ఈ రోజుల్లో నంబరు ఎవరూ గుర్తుపెట్టుకోవడం లేదు, పేరు చూసి నొక్కుతున్నారు.

ఒక అడ్డంకి మాత్రం ఉంది. నంబర్ల మీద నిబంధనలు దేశానికో రకంగా ఉంటాయి. జర్మనీలో ఒక ప్రాంతపు నంబరు కావాలంటే అక్కడి చిరునామా రుజువు చూపాలి. అమెరికాలో ఏ రాష్ట్రపు నంబరైనా చాలావరకు నిమిషాల్లో ఇచ్చేస్తారు. కొన్ని దేశాల్లో ఇంటర్నెట్ కాల్‌ను మామూలు టెలిఫోన్ నెట్‌వర్క్‌తో కలిపే హక్కు లైసెన్సు ఉన్న సంస్థలకే ఉంటుంది. కాబట్టి డబ్బు కట్టేముందు ఆ దేశపు టెలికాం నియంత్రణ సంస్థ వెబ్‌సైటు చూడండి. ‘ఏ పత్రమూ అక్కర్లేదు’ అని ఊరించే అమ్మకందారు నిబంధనలున్న దేశపు నంబరు ఇస్తున్నాడంటే, అది ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆగిపోయే నంబరు అనుకోవచ్చు.

ధరల పట్టికను చదివే పద్ధతి

నంబర్లను సాధారణంగా రెండు పద్ధతుల్లో అమ్ముతారు. ఒకటి, అద్దె తక్కువ, వచ్చే ప్రతి నిమిషానికీ కొంత ఛార్జీ. రెండోది, అద్దె ఎక్కువ, వచ్చే కాల్స్‌కు ఛార్జీ లేదు. ఏది మేలో తేల్చడానికి చిన్న లెక్క చాలు. రెండు అద్దెల మధ్య తేడాను నిమిషం రేటుతో భాగించండి. వచ్చిన అంకె కంటే మీకు నెలకు ఎక్కువ నిమిషాలు కాల్స్ వస్తేనే రెండో పద్ధతి తీసుకోవాలి. ఇంటి ఫోనుకు వచ్చే కాల్స్ తక్కువే అయితే మొదటిదే లాభం. ‘అపరిమితం’ అన్నచోట కింద చిన్న అక్షరాలు చదవండి. చాలాచోట్ల దానికీ ఒక నెలవారీ హద్దు ఉంటుంది.

ఇక పల్స్. పట్టికలో 60/60, 6/6, 1/1 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె కనీసం ఎన్ని సెకన్లకు డబ్బు తీసుకుంటారో చెబుతుంది, రెండోది ఆ తర్వాత ఎన్నేసి సెకన్ల చొప్పున పెంచుతారో చెబుతుంది. 61 సెకన్ల కాల్‌కు 60/60 పద్ధతిలో 120 సెకన్ల డబ్బు పోతుంది. 6/6లో అయితే 66 సెకన్లకే. 10 సెకన్లలో ‘వస్తున్నా, పెట్టేయ్’ అనే కాల్‌కు మొదటిదాంట్లో 60 సెకన్లు, రెండోదాంట్లో 12 సెకన్లు. మీ ఇంట్లో పొట్టి కాల్స్ ఎక్కువైతే, నిమిషం రేటు కాస్త ఎక్కువున్నా 6/6 ఇచ్చే కంపెనీయే చివరికి చవక.

పట్టికలో ముందు వరుసలో కనిపించని రుసుములు వేరే ఉంటాయి: మొదట్లో కట్టే సెటప్ ఛార్జీ, అత్యవసర సేవల రుసుము, నియంత్రణ రుసుము పేరుతో నెలనెలా చేర్చే మొత్తం, పన్నులు, కనీస రీఛార్జ్, వాడకపోతే మిగిలిన సొమ్ము రద్దయ్యే గడువు. వీటన్నిటినీ కలిపి 12 నెలల మొత్తంగా రాసుకుని అప్పుడు కంపెనీలను పోల్చండి. నెల అద్దెలో కనిపించిన క్రమం చాలాసార్లు తలకిందులవుతుంది.

ఉచితంగా ఇచ్చే నంబర్లూ ఉన్నాయి. ప్రయోగాలకు వాడుకోండి, తప్పులేదు. కొన్నాళ్ళు వాడకపోతే వాటిని వెనక్కి తీసుకుని వేరొకరికి ఇచ్చేస్తుంటారు. అందుకే బంధువులందరికీ ఇచ్చే నంబరుగా దాన్ని నమ్ముకోవద్దు.

కొనేముందు అడగవలసినవి

సపోర్టు విభాగానికి ఒక మెయిల్ పెట్టండి. వాళ్ళు ఎంత త్వరగా, ఎంత సూటిగా జవాబిస్తారన్నదే రేపు కాల్స్ ఆగిపోయినప్పుడు మీ పరిస్థితి. ముఖ్యమైన ప్రశ్న: ఈ నంబరును తర్వాత వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవచ్చా, దానికి రుసుము ఎంత? ‘కుదరదు’ అంటే ఎంత చవకైనా వదిలేయండి. మీ నంబరు వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం అద్దె పెంచినా కిమ్మనకుండా కట్టాల్సి వస్తుంది.

సొంత పరికరాన్ని సిప్ రిజిస్ట్రేషన్‌తో, అంటే ఆ పరికరమే కంపెనీ సర్వర్‌లో లాగిన్ అయ్యే పద్ధతిలో, కలపనిస్తారా అని కూడా అడగండి. కొన్ని కంపెనీలు తమ యాప్‌లో మాత్రమే నంబరు పనిచేయనిస్తాయి, మీకది పనికిరాదు. కొన్ని మీ ఐపీ చిరునామాను బట్టి గుర్తిస్తాయి. ఇళ్ళలో ఐపీ మారిపోతుంటుంది కాబట్టి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రిజిస్టర్ అయ్యే పద్ధతే మీకు సరిపడుతుంది. ఇంట్లో ఇంటర్నెట్ పోయినప్పుడు కాల్‌ను మొబైల్‌కు మళ్ళించే సౌకర్యం ఉందో లేదో కూడా కనుక్కోండి. అలా మళ్ళించిన కాల్‌కు బయటికి చేసిన కాల్ రేటు పడుతుందని మరచిపోకండి.

ఎస్సెమ్మెస్ వస్తుందా అన్నది వేరే ప్రశ్న. చాలా డీఐడీలు మాటలకు మాత్రమే పనిచేస్తాయి. వచ్చేవాటికి కూడా బ్యాంకుల ఓటీపీలు రాకపోవచ్చు, వీఓఐపీ నంబర్లను ఒప్పుకోని సంస్థలు చాలానే ఉన్నాయి. బ్యాంకు ఖాతాకు మొబైల్ నంబరే ఉంచుకోండి.

మొదట ఒక్క నెలకే తీసుకోండి. ఇచ్చే నంబరు ఇంతకుముందు ఎవరో వాడి వదిలేసినది కావచ్చు. పాత యజమాని కోసం అప్పులవాళ్ళు రోజూ మోగిస్తుంటే ఆ నెలలోనే తెలిసిపోతుంది, నంబరు మార్చమని అడగవచ్చు.

ఇంటి వ్యవస్థకు కలపడం

కంపెనీ మీకు సర్వర్ పేరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తుంది. మామూలు ఫోనును ఇంటర్నెట్‌కు కలిపే అడాప్టర్, అంటే ఏటీఏ, ఒక్కటే ఉంటే ఆ మూడూ దాని సెట్టింగుల పేజీలో నింపితే పని అయిపోతుంది. ఇంట్లో ఒక్క ఫోనే ఉంటుందనుకుంటే అక్కడితో ఆగండి. అంతకు మించిన యంత్రాంగం అక్కర్లేదు.

ఇంట్లో చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలా పనిచేసే ఆస్టరిస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ట్రంక్ ఒకటి, అంటే దాన్ని కంపెనీతో కలిపే లైను, తయారుచేయాలి. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని మీద కూర్చున్న ఫ్రీపీబీఎక్స్‌లో అన్నీ వెబ్ పేజీల్లోనే నింపవచ్చు. ట్రంక్ రిజిస్టర్ అయిందని చూపించగానే, వచ్చిన కాల్ ఏ ఫోనులో మోగాలో చెప్పే ఇన్‌బౌండ్ రూట్ రాయాలి. ఇక్కడే కొత్తవాళ్ళు తడబడతారు. మీ నంబరును కంపెనీ ఏ రూపంలో పంపుతుందో ముందుగా తెలియదు. కొందరు ముందు ప్లస్ గుర్తు, దేశం కోడ్ పెట్టి పంపుతారు, కొందరు ప్లస్ తీసేస్తారు, కొందరు దేశం కోడ్ కూడా తీసేసి పంపుతారు. మీరు రాసిన రూపంతో అది సరిపోలకపోతే ఫోను చేసినవాళ్ళకు ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అని వినిపిస్తుంది, వ్యవస్థ రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో, 404 (దొరకలేదు) అనే కోడ్ కనిపిస్తుంది. ఊహించి రాయకండి. మొదట నంబరు గడి ఖాళీగా వదిలి, ఏ నంబరుకు వచ్చినా తీసుకునే రూటు పెట్టండి. మొబైల్ నుంచి ఒకసారి కాల్ చేసి, లాగ్‌లో వచ్చిన అంకెలను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి అసలు రూటు రాయండి. తర్వాత ఖాళీ రూటు తీసేయండి.

కోడెక్‌ల, అంటే శబ్దాన్ని అంకెలుగా మార్చి పంపే పద్ధతుల, జాబితాలో జీ.711 మొదట ఉండాలి. శబ్దం స్పష్టంగా ఉంటుంది, దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఒక కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు 80 నుంచి 90 కిలోబిట్లు తీసుకుంటుంది. ఇంటర్నెట్ మరీ నెమ్మదిగా ఉంటేనే, తక్కువ వేగం చాలే జీ.729 వైపు చూడండి. రెండు వైపులా ఒప్పుకునే కోడెక్ ఒక్కటీ లేకపోతే కాల్ 488 అనే సమాధానంతో ఆగిపోతుంది.

మోగకపోతే, వినబడకపోతే

సిప్ సమస్యలు చూడటానికి చిక్కుముడుల్లా ఉంటాయి గానీ, లక్షణాన్ని సరిగ్గా గమనిస్తే కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే ఉంటుంది. మొదట రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ వెతికి ఆపేయండి. అది సిప్ సందేశాల్లోని చిరునామాలను తనంతట తాను దిద్దుతుంది, దిద్దినవి చాలాసార్లు తప్పుతాయి.

రీస్టార్ట్ చేసిన కాసేపు కాల్స్ వచ్చి, తర్వాత రావడం ఆగిపోయి, మీరు బయటికి ఒక కాల్ చేయగానే మళ్ళీ వస్తున్నాయా? రౌటర్ మీ కనెక్షన్‌ను మరచిపోతోంది. సిప్ సందేశాలు సాధారణంగా వచ్చిపోయే యూడీపీ అనే దారిని, వాడకం లేకపోతే చాలా రౌటర్లు నిమిషం లోపే మూసేస్తాయి, రిజిస్ట్రేషనేమో గంటకోసారి పునరుద్ధరణ అవుతుంటుంది. ఆ మధ్యలో వచ్చిన కాల్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. ఆ దారి మూసుకుపోకుండా చిన్న సందేశాలు పంపే కీప్‌అలైవ్‌ను, లేదా క్వాలిఫై అని ఉన్నదాన్ని, ట్రంక్ సెట్టింగుల్లో 25 లేదా 30 సెకన్లకు పెట్టండి.

కాల్ కలిసింది, మీ మాట వాళ్ళకు చేరడం లేదు, లేదా వాళ్ళది మీకు రావడం లేదు. ఈ ఒకవైపు శబ్దం సమస్యను ఎస్‌ఎన్‌గ్రెప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కళ్ళారా చూడవచ్చు. అందులో ఆ కాల్ తెరిచి, మీ వైపు నుంచి వెళ్ళిన సందేశంలో ‘సీ’ అక్షరంతో మొదలయ్యే వరుస చదవండి. శబ్దాన్ని ఏ చిరునామాకు పంపాలో అక్కడ రాసి ఉంటుంది. అక్కడ 192.168తో మొదలయ్యే అంకెలు ఉంటే విషయం తేలిపోయింది: మీ సర్వర్ తన ఇంటిలోపలి చిరునామాను బయటివాళ్ళకు చెబుతోంది. ఫ్రీపీబీఎక్స్ సిప్ సెట్టింగుల్లో ఎక్స్‌టర్నల్ అడ్రస్ గడిలో మీ బయటి ఐపీని, లోకల్ నెట్‌వర్క్స్ గడిలో ఇంటి నెట్‌వర్క్‌ను నింపితే ఆ వరుస సరవుతుంది.

కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతోందా? ఒక వైపు ఫోను ఎత్తినట్టు పంపిన సందేశానికి రావలసిన రసీదు చేరడం లేదు. ఆ రసీదు కోసం అంతసేపే చూడాలని సిప్ ప్రమాణం లెక్క కట్టి పెట్టింది. దీనికీ మూలం పై సమస్యే, చిరునామా తప్పు. 15 నిమిషాల దగ్గర తెగితే మాత్రం, కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యమధ్యలో సరిచూసే సెషన్ టైమర్ల సంగతి చూడండి.

రౌటర్ పేజీలో కనిపించే బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్ళకు పంచుతోందని అర్థం. కంగారుపడనక్కర లేదు. రిజిస్ట్రేషన్ మీ వైపు నుంచే బయటికి వెళుతుంది కాబట్టి, మంచి కంపెనీ అయితే కాల్స్ అలాగే నడుస్తాయి.

బ్యాంకు మెనూల్లో ‘ఒకటి నొక్కండి’ అన్నప్పుడు మీ అంకెలు అందకపోతే డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెలను పంపే) పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 4733 అనే ప్రమాణానికి మార్చండి. కొన్ని పరికరాల్లో దాని పాత పేరు 2833 ఉంటుంది, రెండూ కలిసి పనిచేస్తాయి.

బయటికి చేసే కాల్స్

నంబరు స్థిరపడ్డాక, మీరు ఎక్కువగా చేసే చోట్లకు ఎవరి రేటు తక్కువో చూసి రెండో ట్రంక్ పెట్టండి. అద్దె లేకుండా వాడినంతకే డబ్బు తీసుకునే ప్రీపెయిడ్ ఖాతా అయితే మంచిది. బయటికి వెళ్ళే కాల్స్ దారి చెప్పే అవుట్‌బౌండ్ రూటులో దేశం కోడ్‌ను బట్టి ఏ కాల్ ఏ ట్రంక్ మీదుగా వెళ్ళాలో రాయవచ్చు. మొదటిది పనిచేయకపోతే రెండోదానికి వెళ్ళేలా కూడా పెట్టవచ్చు. మొబైల్‌లో అపరిమిత కాల్స్ ఉన్నవాళ్ళకు ఈ రెండో ఖాతా అసలు అవసరమే రాకపోవచ్చు. నంబరు వచ్చే కాల్స్‌కు మాత్రమే ఉంచుకుంటే అన్నిటికంటే చవక.

అవతలివాళ్ళకు మీ డీఐడీ నంబరే కనిపించాలంటే అది మీదేనని రెండో కంపెనీకి రుజువు చేయాలి. సాధారణంగా ఆ నంబరుకు ఒక కాల్ చేసి కోడ్ చదువుతారు. అమెరికాలో కాలర్ ఐడీని ధ్రువీకరించే పద్ధతి 2021 నుంచి అమల్లో ఉంది. నంబరు ఒకచోట, కాల్ మరోచోట అయితే ధ్రువీకరణ స్థాయి ఒక మెట్టు తగ్గవచ్చు. మీ కాల్స్ స్పామ్‌గా కనిపిస్తున్నాయని ఎవరైనా చెబితే, ఆ దేశపు కాల్స్‌ను నంబరు కొన్న కంపెనీ మీదుగానే పంపండి.

దొంగల సంగతి

బయటికి తెరిచిన సిప్ పోర్టు 5060ను వెతుక్కుంటూ యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని పెట్టినవాళ్ళ వ్యవస్థలోంచి ఖరీదైన విదేశీ నంబర్లకు తెల్లవార్లూ కాల్స్ వెళతాయి. ఆ డబ్బులో వాటా దొంగలకు చేరుతుంది, బిల్లు మీకు. పైన చెప్పినట్టు రిజిస్ట్రేషన్ పద్ధతి వాడుతుంటే రౌటర్‌లో ఆ పోర్టు తెరవాల్సిన అవసరమే సాధారణంగా రాదు, తెరవకండి. బయట ఉన్నప్పుడు మొబైల్ యాప్ కావాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కు రహస్యంగా కలిపే దారి) ద్వారా ఇంటికి కలవండి. అతిథి కాల్స్ (లాగిన్ కాకుండా అపరిచితులు చేసేవి) అనుమతించే సెట్టింగ్ ఆపేయండి.

అన్నిటికంటే గట్టి తాళం కంపెనీ ఖాతా పేజీలో ఉంటుంది. మీరు చేయని దేశాలన్నిటినీ అక్కడే ఆపేయండి, ఒకేసారి నడిచే కాల్స్ రెండుకు మించనివ్వకండి, ఆటోమేటిక్ రీఛార్జ్ తీసేయండి. మీ సర్వర్ ఎవరి చేతిలో పడినా ఖాతాలో ఉన్న కొద్ది సొమ్ముతో నష్టం ఆగుతుంది.

అత్యవసర కాల్స్, పాత ల్యాండ్‌లైన్

కరెంటు పోతే ఈ ఫోను పోతుంది. రౌటర్‌కు, అడాప్టర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. అత్యవసర నంబర్లకు చేసిన కాల్ మీ అసలు చిరునామాతో చేరుతుందో లేదో ముందే చూసుకోవాలి. టెలిఫోన్ నెట్‌వర్క్‌తో కలిసే వీఓఐపీ సేవలు 911కు పనిచేయాలని అమెరికాలో 2005లోనే ఆదేశించారు, అయినా ఖాతాలో చిరునామా నింపాల్సింది మీరే. వేరే ఊరి నంబరు తీసుకుని ఇక్కడ వాడుతుంటే కాల్ ఆ ఊరి కేంద్రానికి వెళ్ళే ప్రమాదం ఉంది. ఇంట్లో ఒక మొబైల్ ఎప్పుడూ ఛార్జ్‌లో ఉంచి, అత్యవసరానికి దాన్నే వాడాలని పిల్లలతో సహా అందరికీ చెప్పండి.

ఇప్పటికే ల్యాండ్‌లైన్ ఉంటే, కొత్త నంబరు కొనే బదులు ఆ నంబరునే వీఓఐపీ కంపెనీకి పోర్ట్ చేయించుకోవచ్చేమో ముందు చూడండి. బంధువులకు, బడికి, బీమా కంపెనీకి మళ్ళీ చెప్పుకునే బాధ తప్పుతుంది. దరఖాస్తులో పేరు, చిరునామా పాత బిల్లులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తిరస్కరణలు ఎక్కువగా అక్కడే వస్తాయి. పోర్టింగ్ ముగిసి, పక్కింటివాళ్ళ ల్యాండ్‌లైన్ నుంచీ, వేర్వేరు కంపెనీల మొబైల్స్ నుంచీ చేసిన కాల్స్ మీ కొత్త ఫోనులో మోగేదాకా పాత లైనును రద్దు చేయమని అడగకండి. ముందే రద్దు చేస్తే నంబరు పాత కంపెనీకి వెళ్ళిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడం చాలాసార్లు కుదరదు. ఆ లైను మీదే ఇంటర్నెట్ కూడా వస్తుంటే, నంబరు వెళ్ళగానే కనెక్షన్ తెగుతుందా అని పాత కంపెనీని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే దరఖాస్తు పెట్టండి.